సంప్రదాయ బీరు శైలులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బీరు రకాల గురించి వచ్చే సందేహాల్లో చాలావరకు రంగు దగ్గరే మొదలై రంగు దగ్గరే ఆగిపోతాయి. నల్లగా ఉంటే ఘాటైనదనీ, బంగారు రంగులో ఉంటే తేలికైనదనీ అనుకోవడం పరిపాటి. ఒక శైలిని నిజంగా నిర్ణయించేవి దానిని పులియబెట్టిన ఈస్ట్, ధాన్యాన్ని ఆరబెట్టిన పద్ధతి, ఆ ఊరి నీరు, ఆ కాలంలో అక్కడ అమలైన చట్టాలు, పన్నులు. కింది సమాధానాలన్నీ ఈ దృష్టితో రాసినవే.

ఏల్‌కూ లాగర్‌కూ అసలు తేడా ఏమిటి?

ఈస్ట్‌లో ఉంది. ఏల్‌ను పులియబెట్టేది శాకరోమైసెస్ సెరివీసియే అనే జాతి. రొట్టె పిండిని పొంగించేది కూడా ఇదే. ఇది దాదాపు 15 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య చురుగ్గా పనిచేసి, నురుగుతో పాటు ద్రవం పైభాగానికి చేరుతుంది. ఆ వెచ్చదనంలో ఎస్టర్లు అనే పదార్థాలు ఎక్కువగా తయారవుతాయి కాబట్టి ఏల్‌లో పండ్ల వాసన వస్తుంది. లాగర్‌ను పులియబెట్టేది శాకరోమైసెస్ పాస్టోరియానస్. ఇది 7 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో నెమ్మదిగా పనిచేసి అడుగుకు చేరుతుంది. ఆ తరువాత బీరును సున్నా డిగ్రీల దరిదాపుల్లో వారాల తరబడి నిల్వ ఉంచుతారు. అందువల్ల లాగర్‌లో ఈస్ట్ వాసనలు మరుగున పడి, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం), హాప్స్ (చేదునూ సువాసననూ ఇచ్చే ఒక తీగ పూలు) రుచులు ఏ ముసుగూ లేకుండా తెలుస్తాయి.

పాస్టోరియానస్ ఒక సంకర జాతి. దాని తల్లిదండ్రుల్లో ఒకటి ఏల్ ఈస్ట్; రెండవది చలిని తట్టుకొనే శాకరోమైసెస్ యూబయానస్. ఈ రెండవ జాతిని 2011లో దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో గుర్తించారు. అంతకు చాలాకాలం ముందే, 1883లో, కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ బ్రూవరీ (బీరు తయారీ సంస్థ) ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ లాగర్ ఈస్ట్‌ను శుద్ధమైన ఏకకణ వర్ధనంగా వేరుచేశారు. ఆ బ్రూవరీ దానిని రహస్యంగా దాచుకోకుండా ఇతరులకు కూడా పంచింది. ఒక పీపా బాగుండి మరొకటి పాడయ్యే అనిశ్చితి తగ్గడానికి ఇది పెద్ద కారణం.

ఏల్‌లోనూ లాగర్‌లోనూ లేత పసుపు నుంచి నలుపు దాకా అన్ని రంగులూ ఉన్నాయని ఇక్కడే గుర్తుంచుకోవాలి.

అయితే బీరుకు రంగు ఎక్కడి నుంచి వస్తుంది?

మాల్ట్ నుంచి. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, మొలక ముదరకముందే వేడిగాలితో ఆరబెడితే మాల్ట్ తయారవుతుంది. ఆరబెట్టే వేడి కొద్దిగా పెరిగితే రొట్టె పైపొరను తలపించే రుచి, ఇంకా పెరిగితే క్యారమెల్ రుచి, నేరుగా వేయిస్తే కాఫీ రుచి వస్తాయి. 1817లో డేనియల్ వీలర్ ఇంగ్లండులో మాల్ట్‌ను తిరిగే పీపాలో వేయించే యంత్రానికి పేటెంట్ పొందారు. అప్పటి నుంచి బీరును నల్లగా చేయడానికి అతి కొద్దిపాటి నల్ల మాల్ట్ సరిపోయింది. మిగతా ధాన్యమంతా లేతరంగు మాల్టే. కాబట్టి నలుపు గాఢతకు గుర్తు కాదు. నల్లటి ఐరిష్ బీరైన డ్రాఫ్ట్ గిన్నెస్ స్టౌట్‌లో ఆల్కహాల్ సుమారు 4.2 శాతం ఉంటే, బంగారు రంగులో మెరిసే బెల్జియం బీరు వెస్ట్‌మాల్ ట్రిపెల్‌లో 9.5 శాతం ఉంటుంది. రంగును చూసి గ్లాసు ఎంచుకొనేవారు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

పిల్స్నర్‌కు అంత ప్రాముఖ్యం ఎందుకు? అన్ని లేత లాగర్లూ పిల్స్నర్లేనా?

1838లో బొహీమియాలోని (నేటి చెక్ దేశంలోని) పిల్సెన్ పట్టణవాసులు తమ ఊరి బీరు నాణ్యతతో విసిగిపోయి, చెడిపోయిన పీపాలను బహిరంగంగా పారబోశారు. తరువాత పట్టణంలో బీరు తయారీ హక్కు ఉన్నవారంతా కలిసి కొత్త బ్రూవరీ కట్టి, దక్షిణ జర్మనీలోని బవేరియా నుంచి బీరు తయారీదారు యోసెఫ్ గ్రోల్‌ను పిలిపించారు. ఆయన 1842 అక్టోబర్ 5న తొలి దఫా తయారుచేశారు. ఇంగ్లండు పద్ధతిలో పొగ తగలకుండా ఆరబెట్టిన లేత మాల్ట్, సమీపంలోని జాటెట్స్ ప్రాంతపు సువాసన గల హాప్స్, ఖనిజాలు దాదాపు లేని మెత్తని నీరు, బవేరియా నుంచి వచ్చిన అడుగున పులిసే ఈస్ట్ ఆ దఫాలో కలిశాయి. వీటిలో ఏదీ అంతకుముందు లేనిది కాదు. నాలుగూ ఒకేచోట కుదరడమే విశేషం. ఐరోపాలో ముదురు రంగు బీరు సర్వసాధారణమైన ఆ రోజుల్లో పారదర్శకమైన బంగారు రంగు బీరు అందరి చూపునూ తిప్పుకుంది. ఆ దశాబ్దాల్లోనే గాజు గ్లాసులు చవక కావడం, రైలు మార్గాలు విస్తరించడం దాని వ్యాప్తికి తోడయ్యాయి.

లేత లాగర్లన్నీ పిల్స్నర్లు కావు. చెక్ పిల్స్నర్ తయారీలో ధాన్యపు ముద్దలో కొంత భాగాన్ని వేరుచేసి, మరిగించి, తిరిగి కలుపుతారు. డికాక్షన్ అనే ఈ పద్ధతివల్ల మాల్ట్ రుచి నిండుగా వస్తుంది. చేదు బలంగా ఉన్నా దాని వెనుక తీపి నిలబడి ఉంటుంది. జర్మన్ పిల్స్ మరింత లేతగా, పొడిగా ఉండి, చేదు చివరిదాకా పదునుగా సాగుతుంది. మ్యూనిక్ హెల్లెస్ దారి వేరు. మ్యూనిక్ నీటిలో కార్బనేట్లు ఎక్కువ కావడంతో అక్కడ హాప్స్ దండిగా వేసిన లేత బీరు మొరటుగా తయారయ్యేది. 1894లో ష్పాటెన్ బ్రూవరీ తెచ్చిన హెల్లెస్ చేదును తగ్గించి మాల్ట్‌ను ముందుకు తెచ్చింది. ప్రపంచమంతటా పెద్ద కంపెనీలు అమ్మే తేలికపాటి లాగర్లు ఈ మూడింటికీ దూరపు బంధువులు. వాటిలో మొక్కజొన్ననో బియ్యాన్నో కలిపి మాల్ట్ రుచిని పలచబరుస్తారు కాబట్టి, వాటిని తాగి పిల్స్నర్ ఇంతేననుకోవడం పిల్స్నర్‌కు అన్యాయం చేయడమే.

డుంకెల్, మెర్ట్సెన్, వియెన్నా లాగర్ ఒకదానికొకటి ఎలా వేరు?

డుంకెల్ మ్యూనిక్ పాత ముదురు లాగర్. కొంచెం ఎక్కువ వేడిలో ఆరిన మ్యూనిక్ మాల్ట్ వల్ల దానికి గోధుమరంగు, రొట్టె రుచి వస్తాయి. వేయించిన చేదు ఉండదు.

మెర్ట్సెన్ కథ చట్టంతో ముడిపడింది. 1553 నాటి బవేరియా ఉత్తర్వు ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 వరకు బీరు తయారీని నిషేధించింది. వేసవి వేడిలో బీరు పాడవుతుందన్నది కారణం. దాంతో మార్చిలో కొంచెం గాఢంగా కాచి, చల్లని నేలమాళిగల్లో దాచి, శరత్కాలం దాకా తాగేవారు. చలికాలపు తయారీ తప్పనిసరి కావడం చల్లదనాన్ని ఇష్టపడే లాగర్ ఈస్ట్‌కు కూడా అనుకూలించింది. 1833లో మ్యూనిక్‌కు చెందిన గాబ్రియెల్ సెడల్మయర్, వియెన్నా సమీపంలోని ష్వెహాట్‌కు చెందిన ఆంటన్ డ్రెహెర్ కలిసి బ్రిటన్‌లో పర్యటించి, అక్కడి మాల్ట్ తయారీని గమనించి వచ్చారు. 1841లో డ్రెహెర్ రాగిరంగు వియెన్నా లాగర్‌ను, అదే ఏడాది సెడల్మయర్ తన మెర్ట్సెన్‌ను విడుదల చేశారు. రెండింటిలో వియెన్నా కొంచెం తేలికైనది, మెర్ట్సెన్ మాల్ట్ నిండుగా ఉన్నది. ఇప్పుడు మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్ గుడారాల్లో పోసేది చాలావరకు లేతరంగు ఫెస్ట్‌బియరే.

బాక్, డాపెల్‌బాక్ అంటే ఏమిటి?

బాక్ గాఢమైన లాగర్. ఉత్తర జర్మనీలోని ఐన్‌బెక్ పట్టణం దాని మూలస్థానం. మ్యూనిక్ ఆ బీరును మొదట దిగుమతి చేసుకొని, తరువాత తనదిగా మార్చుకుంది. డాపెల్‌బాక్ మ్యూనిక్‌లోని పౌలా సన్యాసుల నుంచి వచ్చింది. వారి సాల్వటార్ ఎంత పేరుపొందిందంటే, ఇతర బ్రూవరీలు కూడా తమ డాపెల్‌బాక్‌లకు "-ఆటార్"తో ముగిసే పేర్లే పెట్టాయి. జర్మనీలో పులియకముందు ద్రవంలోని గాఢత బాక్‌కు కనీసం 16, డాపెల్‌బాక్‌కు కనీసం 18 ప్లేటో డిగ్రీలు (ద్రవంలో కరిగిన చక్కెరల వంటి పదార్థాల శాతం) ఉండాలి. ఐస్‌బాక్‌లో బీరును పాక్షికంగా గడ్డకట్టించి మంచును తీసివేస్తారు. నీరు పోయి మిగిలినది చిక్కబడుతుంది.

1516 నాటి స్వచ్ఛత చట్టం వల్లే జర్మన్ బీర్లు అలా ఉన్నాయా?

పాక్షికంగా. 1516 ఏప్రిల్ 23న ఇంగోల్‌స్టాట్‌లో బవేరియా పాలకులు ప్రకటించిన ఉత్తర్వు బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేదీ ఉండరాదని చెప్పింది. ఈస్ట్ ప్రస్తావన లేదు. పులియడం వెనుక ఒక జీవి ఉందని అప్పటికి తెలియదు. ఉత్తర్వులో ఎక్కువ భాగం బీరు ధరల నియంత్రణకు సంబంధించినదన్న సంగతి తరచూ మరుగున పడుతుంది. అది జర్మనీ అంతటికీ వర్తించింది 1906లోనే. అంతకుముందు ఉత్తర జర్మనీ పట్టణాల్లో ఉప్పు, ధనియాలు, ఇతర దినుసులు వేసిన బీర్లు స్వేచ్ఛగా తయారయ్యేవి. చట్టం కొన్ని శైలులకు మెరుగుపెట్టిన మాట నిజమే. అయినా అది విస్తరించిన కొద్దీ అంతరించిపోయిన ప్రాంతీయ బీర్లను తలచుకుంటే, దానిని నాణ్యతకు మారుపేరుగా కొనియాడటం నాకు సమ్మతం కాదు.

జర్మన్ గోధుమ బీరూ బెల్జియం గోధుమ బీరూ ఒకటేనా?

కాదు. బవేరియా వైస్‌బియర్‌లో కనీసం సగం గోధుమ మాల్ట్ ఉండాలి. అందులో అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి గాని, ఆ రెండూ అందులో వేయరు. అరటి వాసన ఐసోఅమైల్ అసిటేట్ అనే ఎస్టర్ వల్ల, లవంగం వాసన 4-వినైల్ గ్వాయకాల్ వల్ల వస్తాయి. రెండింటినీ ఈస్టే తయారుచేస్తుంది. ఈస్ట్‌ను వడకట్టకుండా వదిలేస్తే మబ్బుగా కనిపించే హెఫెవైట్సెన్, వడకడితే క్రిస్టల్‌వైట్సెన్. బార్లీ మాత్రమే అన్న చట్టం ఉండగా బవేరియాలో గోధుమ బీరు ఎలా బతికిందన్న ప్రశ్నకు జవాబు రాజకుటుంబపు ప్రత్యేక హక్కు. ఆ గుత్తాధిపత్యం లాభసాటిగా లేకుండా పోయాక, 1872లో గియోర్గ్ ష్నైడర్ ఆ బీరు తయారుచేసే హక్కును పొంది శైలిని నిలబెట్టారు.

బెల్జియం విట్‌బియర్‌లో వాడేది మొలకెత్తించని పచ్చి గోధుమ. ధనియాలు, ఎండిన నారింజ తొక్క నిజంగానే వేస్తారు. హూగార్డెన్ గ్రామంలో చివరి బ్రూవరీ 1950ల్లో మూతపడగా, పాలు అమ్మే వృత్తిలో ఉన్న పియెర్ సెలిస్ 1966లో ఆ శైలికి మళ్ళీ ప్రాణం పోశారు. మొదటిదాని సువాసన ఈస్ట్‌ది, రెండవదాని సువాసన చాలావరకు దినుసులది.

కోల్ష్, ఆల్ట్ ఏల్‌లా, లాగర్లా?

ఏల్ ఈస్ట్‌తో పులియబెట్టి, లాగర్ మాదిరిగా చల్లగా నిల్వ ఉంచినవి. కొలోన్ నగరపు కోల్ష్ లేతగా, సున్నితంగా ఉంటుంది; 1986లో అక్కడి బ్రూవరీలు కుదుర్చుకున్న ఒప్పందం ఆ పేరును ఎవరు వాడుకోవచ్చో నిర్దేశించింది. పొరుగు నగరమైన డ్యూసెల్‌డార్ఫ్ ఆల్ట్ రాగిరంగులో, స్పష్టమైన చేదుతో ఉంటుంది. రెండింటినీ సుమారు 200 మిల్లీలీటర్ల చిన్న గ్లాసుల్లో పోస్తారు కాబట్టి చివరి గుక్క దాకా తాజాగా ఉంటాయి.

పోర్టర్‌కూ స్టౌట్‌కూ తేడా ఏమిటి?

చరిత్ర దృష్ట్యా చూస్తే, ఈ రెంటి మధ్య గోడ లేదు. 18వ శతాబ్దం తొలినాళ్లలో లండన్‌లో ముదురు మాల్ట్‌తో తయారై, పీపాల్లో నెలల తరబడి ముదిరిన బీరు పోర్టర్. నగరపు బరువులు మోసే కూలీలకు అది ఇష్టమైన పానీయం. అందులో గాఢమైన రకాన్ని స్టౌట్ పోర్టర్ అనేవారు. కాలక్రమంలో స్టౌట్ అన్న మాట మాత్రమే మిగిలింది. పోర్టర్ పెద్ద పరిశ్రమగా ఎదిగిన తీరుకు 1814 అక్టోబర్ 17న లండన్‌లో జరిగిన దుర్ఘటన ఒక విషాద సాక్ష్యం. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు దగ్గర మ్యూక్స్ వారి బ్రూవరీలో 22 అడుగుల ఎత్తున్న చెక్క తొట్టి పగిలి, బీరు వరదై పక్కనున్న పేదల ఇళ్ల మీద పడటంతో 8 మంది చనిపోయారు.

నేడు వేయించిన, మొలకెత్తించని బార్లీని ఐరిష్ స్టౌట్ ముద్రగా చెబుతారు. దానివల్ల కాఫీ వంటి పొడి చేదు వస్తుంది. అయితే ఐర్లండుతో సహా బ్రిటిష్ రాజ్యమంతటా పన్ను మాల్ట్ మీద ఉన్నందువల్ల 1880 దాకా మొలకెత్తించని ధాన్యం వాడటం నిషిద్ధం. కాబట్టి ఈ ముద్ర స్టౌట్ కంటే చాలా కొత్తది. ఈనాటి వాడుకలో పోర్టర్ చాక్లెట్, క్యారమెల్ వైపు, స్టౌట్ కాఫీ వైపు మొగ్గుతాయని స్థూలంగా చెప్పవచ్చు. ఓట్ మీల్ స్టౌట్ మృదువుగా ఉంటుంది. మిల్క్ స్టౌట్‌లో వేసే లాక్టోజ్‌ను ఈస్ట్ పులియబెట్టలేదు కాబట్టి తీపి మిగులుతుంది. రష్యా రాజసభకు ఎగుమతైన అతి గాఢమైన రకం ఇంపీరియల్ స్టౌట్‌గా స్థిరపడింది. బాల్టిక్ సముద్రతీర దేశాలు దానిని అనుసరించి, చలి ప్రాంతం కాబట్టి లాగర్ ఈస్ట్‌తో బాల్టిక్ పోర్టర్‌ను తయారుచేశాయి. గిన్నెస్ గ్లాసులో కిందికి జారుతున్నట్టు కనిపించే మెత్తటి నురుగు 1959లో ప్రవేశపెట్టిన నైట్రోజన్ పద్ధతి ఫలితం.

ఇండియా పేల్ ఏల్‌ను ఓడ ప్రయాణం కోసమే కనిపెట్టారా?

ఎవరో ఒకరు కూర్చుని కనిపెట్టిన బీరు కాదది. ఇంగ్లండులో పేల్ ఏల్, గాఢమైన అక్టోబర్ బీరు అప్పటికే ఉన్నాయి. ఎక్కువ హాప్స్ బీరును పాడవకుండా కాపాడతాయన్నదీ తెలిసిన విషయమే. లండన్‌లోని బో బ్రూవరీ యజమాని జార్జ్ హాడ్జ్‌సన్ ఈస్ట్ ఇండియా కంపెనీ నౌకలు ఆగే రేవుకు దగ్గర్లో ఉండటం, నౌకాధికారులకు ఉదారంగా అప్పు ఇవ్వడం వల్ల ఆ వ్యాపారంలో పైచేయి సాధించారు. అదే ఓడల్లో పోర్టర్ కూడా భారీగా వెళ్లేది, చెడిపోకుండానే చేరేది. 1820ల్లో బర్టన్ అపాన్ ట్రెంట్ బ్రూవరీలు ఈ మార్కెట్‌లోకి దిగాయి. జిప్సం కలిసిన బర్టన్ నీటిలో సల్ఫేట్ ఎక్కువ. అది హాప్స్ చేదును శుభ్రంగా, పదునుగా చేస్తుంది. ఆ నీటి గుణం ఎంత విలువైనదో తెలిశాక ఇతర ఊళ్ల తయారీదారులు తమ నీటిలో జిప్సం కలపడం మొదలుపెట్టారు.

ఇప్పుడు నారింజ, పైన్ వాసనలతో వచ్చే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అమెరికా శాఖ. 1972లో విడుదలైన కాస్కేడ్ వంటి అమెరికన్ హాప్స్ దాని పునాది. ఇంగ్లీషు ఐపీఏలో మట్టి, పూల వాసనలు, బిస్కెట్ వంటి మాల్ట్ ఉంటాయి.

ఇంగ్లీషు బిట్టర్ వెచ్చగా, చప్పగా ఉంటుందన్నది నిజమేనా?

కాదు. ఈ ఏల్‌ను నేలమాళిగ చల్లదనంలో, అంటే 11 నుంచి 13 డిగ్రీల వద్ద, పీపాలోనే రెండోసారి పులిసి సహజంగా ఏర్పడిన కొద్దిపాటి వాయువుతో అందిస్తారు. మరీ చల్లబరిస్తే దాని సున్నితమైన రుచి నాలుకకు అందదు. ఈ పద్ధతి కనుమరుగవుతున్న దశలో 1971లో ప్రారంభమైన కామ్రా అనే వినియోగదారుల ఉద్యమం దానిని కాపాడింది.

ట్రాపిస్ట్ అనేది ఒక శైలా?

కాదు, అది బీరు తయారైన చోటుకు, అంటే ట్రాపిస్ట్ అనే క్యాథలిక్ సన్యాసుల మఠానికి సంబంధించిన గుర్తింపు. 1997లో ఏర్పడిన అంతర్జాతీయ ట్రాపిస్ట్ సంఘం నిబంధనల ప్రకారం బీరు మఠం ఆవరణలో, సన్యాసుల పర్యవేక్షణలో తయారుకావాలి. ఆదాయం మఠం అవసరాలకూ దానధర్మాలకూ వెళ్లాలి. ఓర్వాల్, షిమే, రోష్‌ఫోర్ బీర్లు ఒకదానికొకటి పోలిక లేనివైనా అన్నీ ట్రాపిస్ట్‌లే. డుబెల్, ట్రిపెల్ మాత్రం శైలులు; రెండింటికీ వెస్ట్‌మాల్ మఠమే ఆదర్శం. డుబెల్ ముదురు పాకం చక్కెరవల్ల ఎండుద్రాక్ష రుచితో గోధుమరంగులో ఉంటుంది. ట్రిపెల్ లేతరంగు, గాఢమైనది. చక్కెర పూర్తిగా పులిసిపోవడంతో అంత ఆల్కహాల్ ఉన్నా బరువనిపించదు.

లాంబిక్‌ను ప్రత్యేకంగా ఎందుకు చూస్తారు?

మిగతా అన్ని బీర్లలో తయారీదారు ఈస్ట్‌ను ఎంచుకొని వేస్తారు. బ్రస్సెల్స్ పరిసరాల్లోనూ, సెన్ నది లోయలోని పయోటెన్‌లాండ్‌లోనూ తయారయ్యే లాంబిక్‌లో ఎవరూ ఈస్ట్ వేయరు. కనీసం 30 శాతం పచ్చి గోధుమ కలిసిన ద్రవాన్ని చాలాసేపు మరిగించి, అటక మీది వెడల్పాటి లోతులేని పాత్రలోకి వదిలి, కిటికీలు తెరిచి, రాత్రంతా చల్లారనిస్తారు. గాలిలోనూ, ఆ భవనపు చెక్కలోనూ ఉన్న సూక్ష్మజీవులు అందులోకి చేరతాయి. వేసవిలో హానికర బ్యాక్టీరియా ఎక్కువ కాబట్టి ఈ పని అక్టోబర్ నుంచి ఏప్రిల్ వరకే. హాప్స్ కూడా ఏళ్ల పాతవి. చేదు తగ్గిపోయి, బ్యాక్టీరియాను అదుపుచేసే గుణం కొంత మిగిలి ఉండటమే వాటితో పని.

తరువాత చెక్క పీపాల్లో ఏడాది నుంచి మూడేళ్ల దాకా ఒక జీవజాతి వెనుక మరొకటి రంగంలోకి దిగుతుంది. మొదట పేగుజాతి బ్యాక్టీరియా, తరువాత మామూలు ఈస్ట్, ఆ తరువాత పులుపునిచ్చే పీడియోకాకస్, చివరికి తోలు, ఎండుగడ్డి వంటి వాసనలు తెచ్చే బ్రెటనోమైసెస్. పండ్ల ఈగలను పట్టి తింటాయని పాత బ్రూవరీల్లో సాలెగూళ్లను దులపరు. ఒక్కో పీపా ఒక్కోలా పరిణమిస్తుంది కాబట్టి ఇక్కడ కాచడం కంటే కలపడం గొప్ప విద్య. ఏడాది, రెండేళ్లు, మూడేళ్ల లాంబిక్‌లను రుచి చూసి కలిపితే గూజ్ అవుతుంది. చిన్న వయసు బీరులో మిగిలిన చక్కెర సీసాలో పులిసి బుడగలనిస్తుంది, పెద్ద వయసు బీరు లోతునిస్తుంది. పుల్లని చెర్రీలు నానబెడితే క్రీక్. బీరును అర్థం చేసుకోవాలనుకునేవారు తియ్యదనం కలపని గూజ్‌ను ఒక్కసారైనా ఓపికగా రుచి చూడాలని నా మనవి. మొదటి గుక్కకు పులుపే తెలుస్తుంది, మిగతావి ఆ తరువాతే వస్తాయి.

మిగిలిన పుల్లని బీర్లు ఎలా వేరు?

బెర్లినర్ వైసె 3 శాతం దరిదాపుల్లో ఆల్కహాల్‌తో, లాక్టోబాసిలస్ ఇచ్చే శుభ్రమైన పులుపుతో ఉంటుంది. గోస్లార్‌లో పుట్టి లైప్‌జిగ్‌లో స్థిరపడిన గోజెలో ఉప్పు, ధనియాలు వేస్తారు. 1966లో తయారీ పూర్తిగా ఆగిపోయి 1980ల్లో తిరిగి మొదలైంది. బెల్జియంలోని పశ్చిమ ఫ్లాండర్స్ ఎర్ర బీరు, ముఖ్యంగా రూసెలారె పట్టణపు రోడెన్‌బాక్, భారీ ఓక్ తొట్లలో ముదిరి వెనిగర్‌ను తలపించే పులుపును పొందుతుంది.

పొగ వాసన బీరు నిజంగా సంప్రదాయమేనా?

అవును. ధాన్యాన్ని కట్టెల మంట మీద ఆరబెట్టిన కాలంలో పొగ వాసన మినహాయింపు కాదు, మామూలు విషయం. జర్మనీలోని బాంబెర్గ్‌లో కొన్ని బ్రూవరీలు బీచ్ కట్టెల పొగతో ఆరబెట్టిన మాల్ట్‌ను వదులుకోలేదు.

ఐబీయూ అంకె ఎక్కువైతే చేదు ఎక్కువనేనా?

ఐబీయూ (అంతర్జాతీయ చేదు యూనిట్) హాప్స్ నుంచి వచ్చిన చేదు పదార్థాల కొలత. ఒక యూనిట్ దాదాపు లీటరుకు ఒక మిల్లీగ్రాము. మాల్ట్ తీపి ఎంత ఉందో అది చెప్పదు. 40 ఉన్న చెక్ పిల్స్నర్ చేదుగా తెలుస్తుంది. అదే 40 ఉన్న బార్లీ వైన్ (చాలా గాఢమైన ఏల్) తియ్యగా అనిపించవచ్చు.

సీసాను ఎలా, ఎంతకాలం దాచాలి?

ముందుగా వెలుతురు నుంచి దూరంగా. కాంతి తగిలితే హాప్స్ పదార్థాలు విడిపోయి గంధక సమ్మేళనం ఏర్పడి దుర్వాసన వస్తుంది. గోధుమరంగు గాజు దీనిని బాగా అడ్డుకుంటుంది, ఆకుపచ్చ, రంగులేని గాజులు అడ్డుకోలేవు. పిల్స్నర్, హెల్లెస్, హెఫెవైట్సెన్, ఐపీఏలను తాజాగానే తాగాలి, ఎందుకంటే హాప్స్ సువాసన నెలల్లోనే వాడిపోతుంది. ఇంపీరియల్ స్టౌట్, బార్లీ వైన్, డాపెల్‌బాక్, ముఖ్యంగా గూజ్ మాత్రం చల్లని చీకటి చోట సంవత్సరాల తరబడి ఉండగలవు. ఈస్ట్ అడుగుకు చేరి ఉండే సీసాలను నిలబెట్టి ఉంచి, తాగేముందు కదపకుండా నెమ్మదిగా వంచాలి.